పాతర మూత మీద మా అమ్మ

"మీ పెద్దనాయన లేకపోతే మీ తల్లీబిడ్డల గతి ఏమయ్యేదో" అని ఇప్పటికీ ఎవరో ఒకరు నాతో అంటారు. పెళ్ళిళ్ళలో అంటారు, చావుల దగ్గర అంటారు, జహీరాబాద్ బస్టాండులో నన్ను గుర్తుపట్టి మరీ దగ్గరికి వచ్చి అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. వయసు మీదపడ్డాక కోపం తగ్గుతుందంటారు గానీ ఈ ఒక్క మాట దగ్గర నాకు తగ్గలేదు, తగ్గించుకోను కూడా. ఆయన మమ్మల్ని సాకలేదు. మా చేను మమ్మల్ని సాకింది. ఆ పంట ఆయన చేతుల మీదుగా మా ఇంటికి వచ్చింది, అంతే. చేతుల మీదుగా వచ్చిందల్లా చేతులవాడిదే అయితే, బావిలో నీళ్ళన్నీ బొక్కెనవే అనాలి.

మా నాన్న నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు. తాతకు ఆయన ఒక్కడే కొడుకు, నేను ఒక్కదాన్నే మనవరాలిని. మా తాలూకా బీదర్ జిల్లా నుంచి మెదక్ జిల్లాలోకి మారిన రోజులవి. కచేరీలో ఏ కాగితం ఏ భాషలో రాయాలో రాసేవాళ్ళకే సరిగ్గా తెలియదు. తాతకు మాత్రం ఒక సంగతి బాగా తెలుసు. తాను కన్నుమూస్తే మగదిక్కు లేని ఇంట్లో కోడలికీ మనవరాలికీ భూమి మిగలదు. అందుకని వకీలును ఇంటికి పిలిపించి, నలుగురు పెద్దమనుషుల ముందు ఉర్దూలో వీలునామా రాయించాడు. ఝరాసంగం దారిలోని నల్లరేగడి చేను, అందులో బావి, మేముంటున్న ఇల్లు నావి. నాకు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా వాటిని చూసుకునే భారం మా పెద్దనాయనది. పెద్దనాయన అంటే నాన్నకు పెదనాన్న కొడుకు. మా వీధి చివరనే ఇల్లు. ఊళ్ళో మంచి పేరున్న మనిషి. ఆ చేని పంటతో మేం తినాలి, కట్టుకోవాలి, నేను చదువుకోవాలి. పడ్డ శ్రమకు పంటలో ఒక భాగం ఆయన తీసుకోవాలి. ఇదీ ఏర్పాటు. "ఇది నీ చేతిల అమానత్" అని తాత ఆయన చెయ్యి పట్టుకుని అన్నాడట. అమ్మ తలుపు వెనక నిలబడి విన్నది.

తలుపు వెనక అని ఊరికే అనలేదు. మా ఇళ్ళలో భర్తకు అన్న వరసయినవాడికి ఆడది ఎదురుపడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. మావి సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలు. ఇటు తెలుగు, అటు కన్నడం, ఆ పైన మరాఠీ. మూడు దిక్కుల కట్టుబాట్లూ ఏరుకొచ్చి మా ఆడవాళ్ళ నెత్తినే పెట్టారు. పెద్దనాయన వస్తే అమ్మ కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటుకు పోయేది. ఆయన బయట అరుగు మీద కూర్చునేవాడు. ఇద్దరికీ మధ్య గడపలో నేను.

"జొన్నలు ముట్టినయా అని అడుగు మీ అమ్మను" అనేవాడు ఆయన. అమ్మ వింటూనే ఉండేది. అయినా నేను తలుపు వైపు తిరిగి, "జొన్నలు ముట్టినయా?" అనాలి.

"ముట్టినయని చెప్పు."

"ముట్టినయంట."

ఆయనా వినే ఉంటాడు. అయినా నేను చెప్పేదాకా తల ఊపడు. చిన్నప్పుడు నాకది ఆటలా ఉండేది. కొంచెం పెద్దయ్యాక అందులో ఉన్న మోసం తెలిసింది. మా అమ్మ మనసులో ప్రశ్న ఎంత పదునుగా పుట్టినా గడప దాటేసరికి మెత్తబడిపోయేది. "ఈ ఏడు కందులు ఎందుకు రాలె?" అని నా చెవిలో గొణిగేది. నేను నోరు తెరిచేలోగా "వద్దులే, మంచిగున్నరా అని అడుగు" అనేది. నేను అలా అడుగుతానా? అమ్మ అన్నదానికి ఉప్పూకారం చేర్చి, "కందులు మరిచిపోయినవా పెద్దనాయనా?" అనేదాన్ని. వెనక నుంచి నా జడ మీద ఒక గుంజు పడేది. "మీ తాత నోరొచ్చింది నీకు" అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు తర్వాత కందులు వచ్చింది మాత్రం లేదు.

ఏటా ఎండాకాలం చివర ఆయన బండి మా ఇంటి ముందు ఆగేది. ఆయన దగ్గరుండి బస్తాలు దింపించేవాడు. "జర మెల్లగ దించున్రి, మగదిక్కు లేని ఇల్లు" అని వీధి మొత్తానికి వినబడేలా అనేవాడు. పక్కింటివాళ్ళు బయటికొచ్చి, "ఇసొంటి బావ ఎవరికుంటడు" అని అమ్మ అదృష్టాన్ని మెచ్చుకునేవాళ్ళు. అమ్మ లోపలి నుంచే నేలకు చెయ్యి తాకించి దండం పెట్టేది. తన బిడ్డ జొన్నలకు తనే దండం! నాకు పలకాబలపం కావాలన్నా, బడికి కట్టవలసింది ఉన్నా, ఆయన ఎన్నడూ లేదనలేదు. కానీ సంతనాడు, నలుగురు కూర్చున్న చోటికి నన్ను రమ్మని, వాళ్ళ ముందు చేతిలో పెట్టేవాడు. నేను తల వంచుకుని తీసుకోవాలి. నా వస్తువు నాకివ్వడానికి ఆయనకు జనం కావలసి వచ్చేది.

ఆ జొన్నలకు ఒక వాసన ఉండేది. మగ్గిన గడ్డి వాసన, పైగా కొంచెం పులుపు. రొట్టె కాలుస్తుంటే ఇంకా ఎక్కువయ్యేది. అమ్మ వాటిని కడిగి, ఎండబెట్టి, చెరిగి, మళ్ళీ ఎండబెట్టి విసిరేది. అయినా వాసన పోయేది కాదు. పాతర జొన్నలంటే అంతే కాబోలు అనుకునేవాళ్ళం. పాతర అంటే మొరం నేలలో మనిషి లోతుకు మించి తవ్విన గొయ్యి. అడుగునా గోడలకూ గడ్డి పరిచి జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి, మట్టీపేడతో మెత్తి మూసేస్తారు. తిరిగి తీసేదాకా గాలి కూడా చొరదు. పెద్దనాయన పాతర ఆయన కొట్టం పక్కన ఉండేది. దాన్ని తీసేనాడు ఆడవాళ్ళు ఆ ఛాయలకు పోకూడదు. ఆడదాని నీడ పడితే గింజకు పురుగు పడుతుందట. ఆ గింజను నాటి, కలుపు తీసి, కోసి, కట్టలు కట్టింది ఆడవాళ్ళే. అప్పుడు పడని పురుగు పాతర తీసేనాడే ఎందుకు పడుతుందో నేనడిగితే చెప్పినవాళ్ళు లేరు.

నాకు పదహారు దాటిన ఏడు, మా చేనులో కలుపుకు పోయే ఒకామె దారిన పోతూ మా గడపలో ఆగింది. "అమ్మా, మీ చేన్లకు ఎవరో వచ్చిన్రు. గట్ల పొంటి తిరిగిన్రు. బావిల రాయి వేసి నీళ్ళు ఎంత లోతున్నయో చూసిన్రు. చెరుకు పెడ్తరంట" అంది.

అమ్మ ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రమే పెద్దనాయనకు కబురు పెట్టింది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తలుపు వెనక నుంచి అమ్మ, "మా చేను ఎవరికి చూపిస్తున్నవని అడుగు" అంది. ఈసారి మెత్తబరచలేదు. నేను ఉప్పు చేర్చవలసిన పని లేకపోయింది.

ఆయన తడబడలేదు. "మంచి సంగతే బిడ్డా, నేనే చెప్దామనుకున్న. ఆ చేను మీకు దూరం. దాని బదులు మన ఇండ్ల వెనకున్న నా ఎర్రచెల్క మీకు రాసిస్త. ఆడోళ్ళు నడవనీకె దగ్గరుంటది. రేగడి చేను నేను తీసుకుని ఆ చెరుకు పెట్టేటోళ్ళకు ఇచ్చుకుంట. వానలు పడకముందే కాగితాలు చేసేద్దాం. మీ అమ్మకు చెప్పు, ఏం ఫికర్ వద్దని" అన్నాడు.

ఎర్రచెల్క! దాని సంగతి మాకు తెలియదా? వానాకాలం నాలుగు గింజలు పచ్చజొన్న, తర్వాత రాళ్ళు. రేగడి చేనులో వాన లేకున్నా మంచుకే తెల్లజొన్న ఎదిగేది, పైగా బావి. మేం నడవడానికి దగ్గరగా ఉంటుందని ఆయన మా కాళ్ళ మీద అంత దయ చూపిస్తున్నాడు. మమ్మల్ని ఏనాడైనా ఆ చేనుకు నడవనిచ్చారా?

"వద్దని చెప్పు" అంది అమ్మ.

"వద్దంట."

పెద్దనాయన లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "ఇన్నేండ్ల సంది పెట్టి పోషిస్తే నన్నే ఎదురడుగుతున్నరా? ఆడోళ్ళకు చేన్ల సంగతులు ఎందుకు? తిననీకె ఉన్నది, కట్టుకోనీకె ఉన్నది. ఇంకేం కావాలె?" అని దుమ్ము దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు పెద్దమ్మ వచ్చింది. ఆమె లోపలికే వచ్చి కూర్చుని, "ఊరికే వచ్చిన ఆవుకు ఎవరన్న పండ్లు లెక్కవెడ్తరా చెల్లె?" అంది.

"ఆవు మాదే అక్కా" అంది అమ్మ. పెద్దమ్మ మంచినీళ్ళు కూడా తాగకుండా లేచిపోయింది.

ఆ వీలునామా రాసిన వకీలు సాబు కచేరీ వెనక వీధిలో ఉండేవాడు. అప్పటికి బాగా ముసలివాడైపోయాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి పోయింది. కాగితం తీసుకురావాలా అని అమ్మ అడిగితే, "కాగితం తర్వాత. అమానత్ అంటే ఏందో తెలుసా బేటీ?" అని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను.

"నువ్వు ఊరికి పోతా నీ బర్రెను పక్కింట్ల కట్టేసి పోయినవ్. వాండ్లు గడ్డి వేసిన్రు, కడిగిన్రు, పాలు తీసుకున్నరు. మంచిదే. నువ్వు వచ్చి నా బర్రె ఎట్లున్నది చూపియ్యున్రి అంటే, మేం సాకినం, అడగనీకె నువ్వెవరివి అంటరా?"

అమ్మ కొంగు చాటున నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, "ఆయన దొంగ అని నేను అంటలేను సాబ్" అంది.

"అనే పనే లేదమ్మా. దొంగ అయితేనే అడగాలె అని ఏడా లేదు. మంచోడయినా చూపియ్యాలె. మీ మాల్ తన మాల్‌ల కలపొద్దు. మీ జాగా తాను తీసుకోవద్దు, బదులు ఇస్తనన్నా తీసుకోవద్దు. అడిగితే జవాబ్ చెప్పాలె. చెప్పకపోతే సంగారెడ్డిల కోర్టున్నది. ఆయనను తీసేసి ఇంకొకరిని పెడ్తది. కానీ దావా వేస్తే తిరిగి తిరిగి చెప్పులు అరుగుతయి. ముందుగాల నలుగురిల అడుగు. చాటుకు అడిగితే చాటుకే కొట్టేస్తరు."

తిరిగి వస్తుంటే దారి పొడుగునా అమ్మ తనలో తను "మంచోడయినా చూపియ్యాలెనంట" అనుకుంటూనే ఉంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మకు ఆ సామెత ఎన్నిసార్లు చెప్పి ఉంటారో తెలియదు. అడగడం అంటే అడుక్కోవడం కాదని మాత్రం ఆనాటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది పాతర తీసే రోజు వచ్చింది. తెల్లవారి పనులయ్యాక అమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నన్ను రమ్మంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. వీధి నడుమ నడుచుకుంటూ పెద్దనాయన కొట్టం దగ్గరికి పోయింది. పలుగులూ గంపలూ పట్టుకుని జీతగాళ్ళు అప్పుడప్పుడే వస్తున్నారు. ఎవరూ ఏమీ అనేలోపే అమ్మ పోయి పాతర మూతి మీది బండ మీద కూర్చుంది. కాళ్ళు ముడుచుకుని, కొంగు సర్దుకుని, ఇంట్లో పీట మీద కూర్చున్నంత నిదానంగా కూర్చుంది.

జీతగాళ్ళు పలుగులు కింద పెట్టేశారు. ఒకడు పరిగెత్తి పెద్దనాయనను పిలుచుకొచ్చాడు. ఆయన వెనకే పాతర తీయడం చూడడానికి వచ్చే పెద్దమనుషులు వచ్చారు, వాళ్ళ వెనక వీధి వచ్చింది. భయమూ సంతోషమూ కలిసిపోయి ఏది ఏదో నాకే తెలియలేదు.

పెద్దనాయన అమ్మ వైపు చూడకుండా నాతో, "మీ అమ్మను లేవమను" అన్నాడు.

"లేవమంటున్నడు" అన్నాను.

"లేవనని చెప్పు."

"లేవదంట."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దనాయన గొంతు పెంచాడు. "ఆడదాని నీడ పడ్డది. గింజలు పాడయితయి. మానం మర్యాద లేదా అని అడుగు."

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ నాకు చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత చేసిన పనిని నేను బతికినంత కాలం మరువను. కొంగు తల మీద అలాగే ఉంచుకుని, ముఖం మాత్రం ఎత్తి, సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది.

"బావా, బిడ్డ నడుమ ఎందుకు? నేనే చెప్త" అంది.

అన్నేళ్ళలో ఆ మనిషి మా అమ్మ గొంతు తన కోసం పలకగా వినడం అదే మొదలు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పాతర తీసేటప్పుడు గింజ ఎవరిదో వాండ్ల చేతనే మొదటి మట్టి తీపియ్యాలె. ఇది మన రివాజు. దీంట్ల మా బిడ్డ గింజలున్నయి. ఏ ఒక్క ఏడన్న మమ్మల్ని పిలిచినవా? నువ్వు తీస్తివి, నువ్వు పంపితివి, మేం తిన్నం. నువ్వు దొంగవని నేను అంటలేను. చూపియ్యమంటున్న. మా చేను పంట చూపియ్యి. రేగడి చేను బదులు ఎర్రచెల్క అంటున్నవ్ కద, ఆ మాట కూడ ఈ నలుగురి ముంగట అను. అప్పటిదాక ఈ బండ మీదికెల్లి లేవ."

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు పెద్దనాయన. నిజంగానే ఆయనకు నొప్పి కలిగింది. నాకు జాలి వేసిందా? వేయలేదు. ఇన్నేళ్ళు సంతలో తల వంచుకుని నిలబడింది నేను.

పెద్దమనుషుల్లో అందరికన్నా ముసలాయన, తాత వీలునామా రాయించినప్పుడు అక్కడున్నవాడే, కర్ర నేలకు కొట్టి, "ఆమె అడిగినదాంట్ల తప్పేమున్నది? చూస్తే గింజలు అరుగుతయా? తియ్యున్రి. పిల్లతోని మట్టి తీపియ్యున్రి" అన్నాడు. అప్పుడు అమ్మ లేచింది. నా చేతికి పార ఇచ్చారు. పాతర మూతి మీది మట్టి ఎండి గట్టిపడి ఉంది. నేను బలం కొద్దీ కొట్టాను. పెళ్ళలు పెళ్ళలుగా లేచింది.

బండ జరిపి, చెడ్డ గాలి పోయేదాకా ఆగి, తాడుకు దీపం కట్టి లోపలికి దింపారు. దీపం ఆరలేదు. ఒకతను దిగి గంపలు నింపి పైకి అందిస్తున్నాడు. మొదటి గంపలు గోడ వారవి. నల్లబడి, గడ్డి అంటుకుని ఉన్నాయి. ఆ వాసన నా ముక్కుకు తగలగానే మా ఇంట్లో రొట్టెల వాసన గుర్తుపట్టాను. వాటిని మామూలుగా, ఎప్పటి అలవాటు ప్రకారం, జీతగాళ్ళు ఒక పక్కన వేరుగా కుప్ప పోశారు. "ఇవి ఎవరికి?" అని అమ్మ అడిగింది. పాపం ఆ జీతగాడికి కపటం తెలియదు. "ఇవి మీ ఇంటికే కద అమ్మా, ఏటా గివే కద పంపేది" అన్నాడు.

తర్వాత నడిమి గింజలు వచ్చాయి. శుభ్రంగా, కమ్మని వాసనతో ఉన్నాయి. మేం అన్నేళ్ళలో ఎన్నడూ చూడని జొన్నలు. అయితే ఆ గంపలో తెల్లజొన్నా పచ్చజొన్నా కలిసిపోయి ఉన్నాయి. మా రేగడిలో పండేది తెల్లది. ఆయన ఎర్రచెల్కలో పండేది పచ్చది. అక్కడున్న చిన్నపిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి.

"ఒక్క పాతరల పోసిన" అన్నాడు పెద్దనాయన. "ఇంకొకటి తవ్వాలంటే గడ్డి కావాలె, కూలి కావాలె. అంత మనదే అనుకున్న. ఒక్క గింజ కూడ నేను దొంగతనం చెయ్యలె."

నిజమే చెప్పాడు. ఇప్పటికీ నేను నమ్ముతాను. ఆయన దొంగ కాదు. అంతా మనదే అనుకున్నాడు. "మన" అంటే ఎవరో అడగవలసిన పని ఎన్నడూ పడలేదు ఆయనకు. చెడిపోయింది వచ్చేసరికి మాది, మంచిది వచ్చేసరికి మనది.

జనంలో ఒకరిద్దరు, "జొన్నలు జొన్నలే కద, కలిస్తే ఏమాయె" అన్నారు. అమ్మ ఒక గుప్పెడు గింజలు తీసి వాళ్ళ ముందు చాపింది. "ఏరి ఇయ్యున్రి. మావి మాకు, ఆయనవి ఆయనకు. ఏరలేరు కద? గోడ దిక్కు చెడిపోయినయి కద, అవి ఎవరివి? మంచి ధరకు అమ్ముడుపోయినయి ఎవరివి? జవాబ్ చెప్పెటోడు ఒకడున్నా నేను ఇంటికి పోత." ఆ మాటన్నవాళ్ళు జనం వెనక్కి జరిగారు. నోట్లో నాలుక లేని మనిషి అని మా అమ్మను అనేవాళ్ళు. నాలుక ఉంది, తలుపు అడ్డంగా ఉంది.

ఆ రోజే పెద్దమనుషులు తేల్చారు. మాకు వేరే పాతర. నడిమి గింజల్లోనే మా వాటా. తీసేటప్పుడు మేం ఉండాలి. ఏటా పంట ఎంత వచ్చిందో, దేనికి పోయిందో ఆయన మా అరుగు మీద కూర్చుని అమ్మకే నేరుగా చెప్పాలి. నాకు పద్దెనిమిది నిండేదాకా చేను అమ్మేది లేదు, మార్చేది లేదు. పెద్దనాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేముంది, ముసలాయన కర్ర పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

దాని వల్ల మాకు పూలదండలేమీ పడలేదు. పెద్దనాయన ఇంట్లో శుభకార్యానికి మాకు పిలుపు రాలేదు. బంధువులు అమ్మను "వకీలమ్మ" అని వెక్కిరించారు. వీధి కుళాయి లేని రోజులు కదా, నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు మమ్మల్ని చూసి మాటలు ఆపేసేవాళ్ళు. అమ్మ ఏడ్చిన రోజులూ ఉన్నాయి. కానీ ఒక్కరోజు కూడా తప్పు చేశానని అనలేదు. నేను హైస్కూలు చదువు పూర్తి చేశాను. బడికి కట్టవలసింది పెద్దనాయన మా ఇంటికే తెచ్చి ఇచ్చాడు. నేను తల ఎత్తుకునే తీసుకున్నాను.

పద్దెనిమిది నిండాక ఆయన ఒక కాగితం రాయించుకుని వచ్చాడు. నా ఆస్తి అంతా నాకు ముట్టిందని, ఇక ఆయన మీద నాకు ఏ దావా లేదని ఆ కాగితం. దాన్ని ఫారఖతి అంటారు. "సంతకం పెట్టు బిడ్డా, నా నెత్తి బరువు దిగుతది" అన్నాడు. అప్పటికి ఆయన ఆరోగ్యం చెడింది. మోకాళ్ళు వాచి ఉన్నాయి.

"పెడత పెద్దనాయనా. ముందుగాల చేను చూపియ్యి" అన్నాను.

"ఎన్నడూ చూడలేదా? దారి పొంటి కనబడ్తనే ఉన్నది కద."

"దారి పొంటి కాదు. గట్ల పొంటి. నాలుగు దిక్కుల."

ఆయన నా ముఖం చూశాడు. "ఇంకా నమ్మకం లేదా?" అన్నాడు అదే మాట.

"నువ్వు తినలేదని నాకు తెలుసు పెద్దనాయనా. తినకపోవుడు నీ ధర్మం. చూసుడు నా హక్కు. అది వేరే, ఇది వేరే."

బండి కట్టించుకుని పోయాం. ఆయన, అమ్మ, నేను, సాక్షిగా ముసలాయన. నల్లమట్టి కాలికి అంటుకుంటూ ఉంది. యాసంగి జొన్న మోకాలెత్తు ఎదిగింది. అమ్మ ఆ చేనులో అడుగు పెట్టడం అదే మొదలు. తను అన్నేళ్ళు తిన్నది ఎక్కడ పండిందో అప్పుడు చూసింది. వంగి మట్టి పట్టుకుని చూసింది. పెద్దనాయన కుంటుకుంటూ ముందు నడిచి ఒక్కొక్క హద్దు రాయి చూపించాడు. తూర్పు, దక్షిణం, పడమర. ఉత్తరం వైపు వచ్చేసరికి గట్టు దగ్గర ఆగాడు. గట్టుకు అవతల ఆయన సొంత చేను. నేను గట్టు చూసి తల ఊపాను. నాకేం తెలుసు? గట్టు ఎక్కడుంటే అదే హద్దు అనుకున్నాను. కాగితం అమ్మ చేతిలో ఉంది, సంతకానికి సిద్ధంగా.

పెద్దనాయన కదలలేదు. గట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చేతికర్రతో అవతలికి, తన చేను లోపలికి చూపించాడు. జొన్న కర్రల మధ్య సగం పూడిపోయిన రాయి ఒకటి ఉంది.

"హద్దు ఈడ కాదు బిడ్డా. ఆడ" అన్నాడు. "ఏటా దున్నేటప్పుడు ఒక్కొక్క సాలు ఇటు జరిగింది. నేను జరపమని చెప్పలె. ఆపుమని కూడ చెప్పలె."

ముసలాయన తల దించుకున్నాడు. పెద్దనాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన్ను చూస్తే నాకు జీవితంలో మొదటిసారి ఆయన మీద గౌరవం కలిగింది. అయినా అమ్మ కాగితం నాకు అందించలేదు, నేను అడగలేదు.

మర్నాడు జీతగాళ్ళు వచ్చి పాత గట్టు తవ్వి, ఆ రాయి దగ్గర కొత్త గట్టు వేశారు. నేను దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చాకే సంతకం పెట్టాను.